మీ ప్రోగ్రాం తప్పు చేయకపోవడమే మీ మోడల్‌లో తప్పు

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. తెర మీద చుక్కలతో ఓ గాజు స్తంభం లాంటిది గీసి, దాన్ని నిలువు ఇరుసు చుట్టూ తిప్పారు. ఫ్యాక్టరైజేషన్ పద్ధతిలో రాసిన మీ ప్రోగ్రాం ఆ చుక్కల కదలికను మాత్రమే చూసి స్తంభం ఆకారాన్ని ఉన్నదున్నట్టు రాబట్టింది. అదే వీడియో హాస్టల్లో నలుగురికి చూపిస్తే ఒకరు కుడికి తిరుగుతోందన్నారు, ఒకరు ఎడమకి అన్నారు, ఇంకొకరు మధ్యలో దిశ మారిపోయిందన్నారు. వేగం పెంచితే ఇంకా ఉబ్బెత్తుగా కనిపిస్తోందని అందరూ అన్నారు. మీ గైడ్ ఏమో "మనిషి చూపుకు మోడల్ అని పేరు పెట్టావు, ఇందులో మనిషెక్కడ?" అన్నారు. వీడియోలో తప్పుందా, మోడల్లో తప్పుందా అన్నది మీ ప్రశ్న.

వీడియోలో తప్పు లేదు. మీ స్నేహితులు చెప్పినవన్నీ పుస్తకాల్లో ఉన్న ఫలితాలే, వాళ్ళు చాలా బాగా చూశారు. మీ గైడ్ అన్నది కూడా నిజమే. మనిషి చూపుకు మోడల్ అంటే మనిషి ఎక్కడ తప్పుతాడో అక్కడే, అంతే మోతాదులో తప్పాలి. మీది ఎక్కడా తప్పలేదు. ఇంజనీరింగ్‌కు అది మంచిదే, ఈ ప్రాజెక్టుకు మాత్రం పనికిరాదు.

ఎందుకో చూద్దాం. స్తంభం మీద ఒక్క చుక్కను తీసుకోండి. ఆర్థోగ్రాఫిక్‌గా, అంటే దగ్గరున్నా దూరమున్నా సైజు మారకుండా గీశారు కాబట్టి తెర మీద కనిపించేది ఆ చుక్క అడ్డంగా అటూ ఇటూ ఊగడం ఒక్కటే. ఆ ఊపు వేగం ఎంతో లెక్క వేస్తే ఒక్క లైనులో తేలిపోతుంది: తెర మీద వేగం = భ్రమణ వేగం × లోతు. లోతు అంటే ఇక్కడ ఇరుసుకన్నా ఆ చుక్క మనవైపు ఎంత ముందుకుందో అది. ఇరుసుకు వెనక ఉంటే మైనస్.

అంకెలు వేద్దాం. వ్యాసార్థం 5 సెం.మీ., వేగం సెకనుకు 30 డిగ్రీలు. సరిగ్గా మనకు ఎదురుగా ఉన్న చుక్క తెర మీద సెకనుకు 2.6 సెం.మీ. జరుగుతుంది. ఇప్పుడు ముందుకు 2.5 సెం.మీ. మాత్రమే ఉబ్బిన చదును స్తంభాన్ని సెకనుకు 60 డిగ్రీలు తిప్పండి. ఆ క్షణాన మధ్య చుక్క వేగం మళ్ళీ 2.6 సెం.మీ.నే. అంటే కంటికి అందేది లబ్ధం ఒక్కటే. 12 అని మాత్రం చెప్పి, అది 3×4 ఆ, 2×6 ఆ అని అడిగినట్టు. ఈ ఒక్క లైనును గోడకు అంటించుకోండి, మీ స్నేహితులు చూసిన వింతలన్నీ అందులోంచే వస్తాయి.

మరి మీ ప్రోగ్రాం దాన్ని ఎలా విడదీసింది? మూడో ఫ్రేముతో. రెండు ఫ్రేములుంటే వేగం తెలుస్తుంది, మూడుంటే వేగం మారే తీరు, అంటే త్వరణం తెలుస్తుంది. ఆ త్వరణం = మైనస్ (భ్రమణ వేగం వర్గం) × (ఇరుసు నుంచి చుక్క అడ్డంగా ఉన్న దూరం). చూడండి, ఇందులో లోతు లేదు. అడ్డు దూరం తెర మీద కొలవచ్చు, త్వరణమూ కొలవచ్చు, కాబట్టి భ్రమణ వేగం బయటపడుతుంది. దాంతో మొదటి లబ్ధాన్ని భాగిస్తే లోతు వచ్చేస్తుంది. షిమోన్ ఉల్మన్ 1979లో నిరూపించిన సిద్ధాంతం సారం ఇదే: వస్తువు వంగనిదైతే, ఒకే తలంలో లేని 4 బిందువులు, 3 దృశ్యాలు చాలు, ఆకారం తేలిపోతుంది, అద్దంలో ప్రతిబింబం లాంటి తిరగేసిన రూపం ఒక్కటి మిగులుతుంది. మీరు వాడిన టొమాసి, కనాడేల 1992 ఫ్యాక్టరైజేషన్ పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే. చాలా ఫ్రేముల్ని ఒకే మ్యాట్రిక్స్‌లో పేర్చి, దాని ర్యాంకు 3 మించకూడదన్న షరతుతో శబ్దాన్ని, అంటే కొలతల్లో చొరబడే చిన్న చిన్న తప్పుల్ని అణిచేస్తారు. అది అంత బాగా పనిచేయడానికి కారణం మూడో ఫ్రేము ఇచ్చే సమాచారాన్ని చివరి చుక్క దాకా పిండుకోవడం.

మనిషి పిండుకోలేడు. మన కన్ను వేగాన్ని చక్కగా పసిగడుతుంది, త్వరణం దగ్గర మాత్రం మందం. 1990లో టాడ్, బ్రెసాన్ చేసిన ప్రయోగాల్లో ఇది బాగా బయటపడింది. రెండే ఫ్రేముల్ని మార్చి మార్చి చూపించినా జనానికి 3డి ఆకారం కనిపించింది. ఫ్రేములు పెంచినంత మాత్రాన పెద్దగా మెరుగుపడింది లేదు. ఏది ముందు, ఏది వెనక, తలం చదునుగా ఉందా లేదా లాంటివి బాగానే చెప్పారు. పొడవులు, కోణాలు సరిగ్గా పోల్చమంటే తడబడ్డారు. రెండు ఫ్రేముల్లో లెక్క ప్రకారం ఎంత ఉంటుందో, లోతు దిశలో సాగదీత తెలియకపోయినా మిగతాదంతా ఎలా వస్తుందో 1991లో కోండరింక్, వాన్ డోర్న్ చూపించారు. ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీ ప్రాజెక్టు రిపోర్టులో రెండో అధ్యాయం దాదాపు అక్కడే ఉంది.

ఒక చిన్న పని చేయండి, కోడ్ మూసేసి. కట్టుబడి పనిలో ఊచలు కట్టే బైండింగ్ వైరు ఓ జానెడు తెచ్చుకుని ఇష్టం వచ్చినట్టు వంచండి. గుమ్మానికి తెల్ల పంచె కట్టి, వైరును పంచెకు దగ్గరగా పట్టుకుని, టార్చిని బాగా వెనక్కి, గది చివర పెట్టండి. అవతలి వైపు ఒకరిని కూర్చోబెట్టండి. వైరు కదలకుండా ఉన్నంతసేపూ వాళ్ళకు కనిపించేది గోడ మీద గీత లాంటి నీడ. దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పండి, ఆ గీత చటుక్కున తీగ అయిపోతుంది, గాల్లో తేలుతుంది. తిప్పడం ఆపితే మళ్ళీ పలకబారిపోతుంది. 1953లో వాలక్, ఓకానెల్ నీడలతో చేసి కైనెటిక్ డెప్త్ ఎఫెక్ట్ అని పేరు పెట్టింది దీనికే. మా అక్క కొడుక్కి చూపిస్తే వాడు పంచె వెనక్కి పరిగెత్తి, "నువ్వు ఇటు తిప్పుతున్నావు, నాకు అటు తిరిగింది" అని నాతో వాదన పెట్టుకున్నాడు. ఏడేళ్ళ వాడు మీ మొదటి ప్రశ్నకు వచ్చేశాడన్నమాట.

దిశ ఎందుకు మారుతుంది? మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ కాబట్టి. భ్రమణం గుర్తు మార్చి, ప్రతి చుక్క లోతు గుర్తూ మార్చితే లబ్ధం అదే. త్వరణంలో భ్రమణ వేగం వర్గంగా ఉంది కాబట్టి అక్కడా గుర్తు దొరకదు. మీ ప్రోగ్రాంకూ ఈ సందిగ్ధత ఉంది, ఒకసారి కోడ్ తెరిచి చూడండి: ఎక్కడో ఒక గుర్తును మీరో, లైబ్రరీయో ఊరికే ఎంచుకుని ఉంటారు. మెదడు కూడా ఒకదాన్ని ఎంచుకుంటుంది, కాసేపటికి విసుగొచ్చినట్టు రెండోదానికి మారుతుంది. 1998లో బ్రాడ్లీ, చాంగ్, ఆండర్సన్ కోతులకు సరిగ్గా మీ చుక్కల స్తంభాన్నే చూపించారు. తెర మీది బొమ్మ మారకపోయినా, కోతి ఏ దిశ అని జవాబిస్తే ఆ జవాబుకు తగ్గట్టు మెదడులో కదలికను చూసే ఎంటీ ప్రాంతపు కణాల స్పందన మారింది. ఈ భాగాన్ని మోడల్ చేయాలంటే ఒకదాన్నొకటి అణచుకునే రెండు కణసమూహాలు, వాటికి అలసట, కాస్త శబ్దం పెడితే చాలు. వంద లైన్ల కోడ్. కానీ ఇక్కడే ఆగిపోకండి, చాలామంది దీన్నే ప్రాజెక్టంతా చేసేస్తారు. అసలు రుచి ఉబ్బెత్తులో ఉంది.

వేగం పెంచితే ఉబ్బెత్తు ఎందుకు? లబ్ధం 12 అని కంటికి తెలుసు, విడదీసే త్వరణం సరిగ్గా అందలేదు. అప్పుడు మెదడు ఊహించాలి. ఊహకు ఏదో ఆధారం కావాలి. నేలబారు ఊహ ఏదంటే: బాగా లోతైన వస్తువులు అరుదు, గిర్రున తిరిగే వస్తువులూ అరుదు. రెండూ వీలైనంత చిన్నగా ఉండనీ, లబ్ధం మాత్రం 12 రావాలి. రెండింటి వర్గాల మొత్తం కనిష్ఠం కావాలని లెక్క కడితే జవాబు 3.46, 3.46. అంటే వర్గమూలం. గణితంలో చెప్పాలంటే రెండింటికీ సున్నా చుట్టూ గాసియన్ ప్రయర్ (సున్నాకు దగ్గరివే ఎక్కువ సంభావ్యం అని చూడకముందే ఉండే అంచనా) పెట్టి, లబ్ధం షరతు మీద అత్యధిక సంభావ్యత ఉన్న జంటను వెతకడం. ప్రయర్ల వెడల్పులు వేరైతే వర్గమూలం ముందు ఒక గుణకం వస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు మీ స్నేహితుల దగ్గరికి రండి. స్తంభం అదే, వేగం 4 రెట్లు చేశారు. లబ్ధం 4 రెట్లయింది. ఈ ఊహ ప్రకారం కనిపించే భ్రమణం 2 రెట్లు, కనిపించే లోతూ 2 రెట్లు. మీరు పెంచింది వేగం ఒక్కటే, వాళ్ళు దాన్ని చెరిసగం పంచి లోతుకూ కొంత జమ కట్టారు! డొమిని, కౌడెక్‌లు తలాల వాలు మీద చేసిన వరస ప్రయోగాలు ఈ దారిలోనే నడుస్తాయి, అసలు వాలు మారకపోయినా వేగంగా తిప్పితే వాలు ఇంకా ఎక్కువగా కనిపిస్తుందని. నెమ్మదైన కదలికే ఎక్కువ సంభావ్యం అన్న ప్రయర్‌తో ఎన్నో చలన భ్రమల్ని ఒకే మోడల్లో వివరించిన వైస్, సైమన్‌చెల్లి, ఏడెల్సన్‌ల 2002 పేపరు కూడా చదవండి. అందులో లోతు ప్రస్తావన లేదు, పద్ధతి కోసం చదవాలి.

జాతరలో అమ్మే ప్లాస్టిక్ మొహం ఒకటి దొరికితే ఈ పంపకం కళ్ళారా చూడొచ్చు. మొహాన్ని వెనక్కి తిప్పి, గుంట మీవైపు ఉండేట్టు గోడకు ఆనించండి. రెండు మూడు మీటర్ల దూరం నుంచి ఒక కన్ను మూసుకుని అటూ ఇటూ నడవండి. గుంటగా ఉన్న మొహం ఉబ్బుగా కనిపిస్తుంది, పైగా మీరు ఎటు పోతే అటు తల తిప్పి చూస్తుంది. మొహం ఉబ్బుగానే ఉండాలన్న నమ్మకం అంత బలమైనది. లోతు గుర్తు తప్పింది కాబట్టి లబ్ధం సరిపోవాలంటే కదలిక గుర్తూ తప్పాలి. అందుకే గోడకున్న ముక్క కదిలినట్టు కనిపించక తప్పదు. తప్పు చేసినా లెక్క తప్పకుండా చేస్తుందన్నమాట మెదడు.

ఇక్కడ మీరు అడగని సంగతి ఒకటి. మీ వీడియోలో చూసేవాడు కదలడు, బొమ్మ కదులుతుంది. బతుకులో ఎక్కువసార్లు జరిగేది దీనికి తిరగేసి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేరుగా బయటికి చూస్తుంటే, 10 మీటర్ల దూరంలో ఉన్న కరెంటు స్తంభం ఎదురుగా వచ్చినప్పుడు సెకనుకు సుమారు 95 డిగ్రీల వేగంతో వెనక్కి పోతుంది. 5 కిలోమీటర్ల అవతలి కొండ సెకనుకు 0.2 డిగ్రీలు కూడా జరగదు. చందమామ సరే, మనతోనే వస్తాడు. ఇక్కడ కోణీయ వేగం = మన వేగం ÷ దూరం. గుణకారం బదులు భాగహారం, కానీ జబ్బు అదే: బస్సు వేగం తెలియకపోతే దూరం తెలియదు, స్తంభం కొండకన్నా 500 రెట్లు దగ్గరని నిష్పత్తి మాత్రం తెలుస్తుంది.

అయితే తల మనదే కదిలినప్పుడు మెదడుకు అదనంగా ఒక కబురు అందుతుంది. 1979లో రోజర్స్, గ్రాహం ఒంటి కన్నుతో చూసేవాళ్ళ ముందు యాదృచ్ఛిక చుక్కల తెర పెట్టి, వాళ్ళు తల ఎటు జరిపితే దానికి తగ్గట్టు చుక్కల్ని జరిపారు. తెరంతా ఎగుడుదిగుడు రేకులా లోతుగా కనిపించింది, తిరగబడకుండా. ఎందుకంటే తల జరిపేటప్పుడు కన్ను ఒక బిందువును వదలకుండా వెంబడిస్తుంది, ఆ వెంబడింపు సంకేతం మెదడు దగ్గర ఉంటుంది. రెటీనా మీద కదలికను ఆ వెంబడింపు వేగంతో భాగిస్తే ముందా వెనకా అన్న గుర్తు తేలిపోతుంది. నారోట్, స్ట్రోయాన్ 2009లో ఈ నిష్పత్తిని సూత్రంగా రాశారు. మీకు వెబ్‌క్యామ్‌తో తల స్థానం పట్టుకోవడం వస్తే, మీ స్తంభాన్నే తలకు ముడిపెట్టి చూడండి. దిశ తిరగబడడం ఎంత తగ్గుతుందో కొలిస్తే అది వేరే ప్రాజెక్టంత పని, ఈ సెమిస్టరులో వద్దు.

ఈ సెమిస్టరులో చేయదగ్గది చెబుతాను. నిలువు స్తంభాన్ని వదిలేయండి. దాన్ని చదును చేసి తిప్పితే అంచుల మధ్య వెడల్పు మారుతూ ఉంటుంది, చూసేవాళ్ళు దాన్ని పట్టేస్తారు. దానికి బదులు గూనపెంకును అడ్డంగా పడుకోబెట్టినట్టు, ఉబ్బు మనవైపు ఉండే అరస్తంభం గీయండి. దాన్ని నిలువు ఇరుసు చుట్టూ కొద్దిగా అటూ ఇటూ ఊపండి. ఒక్కో అడ్డ వరసలోని చుక్కలన్నీ ఒకే లోతులో ఉంటాయి, కాబట్టి ఒకే వేగంతో జరుగుతాయి, మధ్య వరస అన్నింటికన్నా వేగంగా. పక్క అంచులు కనిపించకుండా చతురస్రపు కిటికీ పెట్టి మూసేయండి. చూసేవాళ్ళకు రెండు కీలు ఇచ్చి, అడ్డకోత సరిగ్గా అర్ధవృత్తంలా కనిపించే దాకా లోతు పెంచమనండి, తగ్గించమనండి. ఊపు కాలం మార్చకుండా, ఊపు కోణం మాత్రం 3, 6, 12 డిగ్రీలుగా మార్చండి.

లాగ్ కాగితం మీద అడ్డంగా ఊపు కోణం, నిలువుగా వాళ్ళు ఎంచుకున్న లోతు. త్వరణాన్ని పూర్తిగా వాడుకునే మీ ప్రోగ్రాం అయితే గీత చదునుగా, వాలు 0. లబ్ధం తప్ప ఇంకేమీ చూడని మోడల్ అయితే కోణం రెట్టింపైతే సగం లోతే చాలంటుంది, వాలు మైనస్ 1. మనిషి వాలు ఎక్కడ పడుతుందో అదే మీ ఫలితం. త్వరణం కొలతకు ఎంత శబ్దం పెడితే మీ మోడల్ అదే వాలు ఇస్తుందో వెతకండి, అదే మీ మోడల్. ఒక్క పరామితి, ఒక్క గ్రాఫు. మీ గైడ్ అడిగిన మనిషి ఆ శబ్దంలో ఉన్నాడు.

ఇన్‌పుట్ సంగతి కూడా సరిచేయాలి. ఫ్యాక్టరైజేషన్‌కు ప్రతి చుక్కనూ మొదటి నుంచి చివరి దాకా వెంబడించాలి. మనకు ఆ అవసరం లేదు. ఒక్కో చుక్కను సెకనులో పదో వంతు మాత్రమే బతికించి, ఆపైన ఇంకోచోట కొత్త చుక్క పుట్టించినా తలం నిలకడగా కనిపిస్తూనే ఉంటుంది. ట్రూ, హుసేన్, ఆండర్సన్ 1991 ప్రయోగాలు ఈ విషయం మీదే. కాబట్టి చుక్కల జాబితా బదులు ఆ చోట ఆ క్షణాన వేగం ఎంత అన్న పటం మీ మోడల్‌కు ఇవ్వండి. వీడియోలోంచి కదలికను నేరుగా పసిగట్టే ఏడెల్సన్, బెర్గెన్ 1985 చలన శక్తి (మోషన్ ఎనర్జీ) ఫిల్టర్లు రాసుకుంటే బాగుంటుంది. టైము లేకపోతే నిజమైన వేగాలకు శబ్దం కలిపి ఇచ్చేయండి, నేనైతే ఏమీ అనను.

డీప్ నెట్‌వర్కుతో చేయనా అని చివర్లో అడిగారు. వీడియోలు చూసి లోతు నేర్చుకునే నెట్‌వర్కులు ఇప్పుడు బోలెడు, కారు నడపడానికి పనికొస్తాయి. అయితే దానికీ పై గూనపెంకు పరీక్ష పెట్టి వాలు ఎంతో చెప్పాలి. అది చెప్పకుండా "మెదడు లాంటిది" అని రాస్తే మీ గైడ్ మళ్ళీ అదే ప్రశ్న వేస్తారు.

చివరగా, నేను తిన్న దెబ్బ మీరు తినకండి. నా మొదటి ప్రయోగంలో ఒక్కరికి కూడా స్తంభం దిశ తిరగబడలేదు. ఎందుకు తిరగబడడం లేదో వివరిస్తూ రెండు నెలలు సిద్ధాంతాలు అల్లాను, ల్యాబులో అందరితో వాదించాను. తీరా చూస్తే గ్రాఫిక్స్ లైబ్రరీలో కెమెరా డిఫాల్టుగా పర్స్పెక్టివ్‌లో ఉంది. ముందున్న చుక్కలు కాస్త పెద్దగా, కాస్త వేగంగా పోతున్నాయి, సందిగ్ధతే లేదు. ఒక్క లైను మారిస్తే మొదటి మనిషే "అరె, తిరగబడింది" అన్నాడు. మీ వీడియోలో తిరగబడుతోంది కాబట్టి ఆ గండం గడిచినట్టే. ఇంకొకటి మిగిలింది: స్తంభం మీద చుక్కల్ని సమానంగా చల్లితే తెర మీద అంచుల దగ్గర ఒత్తుగా, మధ్యలో పలచగా పడతాయి. కదలిక ఆపేసినా ఆ ఒత్తును బట్టే గుండ్రంగా ఉందని చెప్పేయొచ్చు. గూనపెంకు గీసేటప్పుడు చుక్కల్ని తలం మీద చల్లకండి, తెర మీద సమానంగా చల్లి, తర్వాత లోతు అంటించండి. కదలిక ఆపేసిన ఒక ఫ్రేమును కూడా వాళ్ళకు చూపించండి. అందులో ఎవరికైనా ఉబ్బు కనిపిస్తే చుక్కల్ని మళ్ళీ చల్లాలి.